గుట్టకింది గుంపు ఫైలు

భద్రాచలం దాటి అడవి మొదలయ్యేచోట మా అటవీ ఉత్పత్తుల సంఘం గోదాము ఉంది. అక్కడ కంప్యూటర్లు చూసేది నేను. ఆ రోజు పొద్దున్నుంచీ ఇప్పపువ్వు కొనుగోలు బాగానే సాగింది. గుట్టకింది గుంపు అనే చిన్న గూడెం వాళ్లు వచ్చేసరికి మాత్రం సర్వరు వాళ్ల తూకం ఎక్కించుకోలేదు. తెరిచిన ఫైళ్లు మరీ ఎక్కువయ్యాయని తెరమీద చూపించింది. పక్క కౌంటర్లలో పాత ఊళ్ల తూకాలు ఎక్కుతూనే ఉన్నాయి.

గుట్టకింది గుంపు ఈ ఏడే సంఘంలో చేరింది. అంతకుముందు షావుకారుకు అమ్ముకునేవాళ్లు. అందరినీ ఒప్పించి తీసుకొచ్చింది ఎర్రమ్మ.

“మా గుంపంటేనే మొండికేస్తున్నదా బిడ్డా?” అని అడిగింది. “గిట్ల ఎనక్కి పోతే మళ్ల నా మాట ఎవరింటరు?”

కోపంగా అనలేదు. ఆమె వెనక వాళ్ల ట్రాక్టరు స్టార్టు చేస్తున్నారు.

తప్పు గుంపుది కాదని చెప్పాను. ఏ ఊరి లెక్క ఆ ఊరికే ఉండాలని పెద్దలు పట్టుబట్టడంతో, మొదట్లో సాఫ్ట్‌వేరు రాసినాయన ఊరికో ఫైలు పెట్టాడు. సర్వరు ఒకసారి తెరిచిన ఫైలును అట్లాగే పట్టుకుని కూర్చుంటుంది. ఊళ్లు పెరిగాయి. ఒకేసారి ఎన్ని ఫైళ్లు తెరిచి ఉంచొచ్చన్న లిమిట్ మాత్రం పెరగలేదు. ముందొచ్చిన ఊళ్లతోనే అది నిండిపోయింది.

నేను కమాండ్లు కొట్టే విండోలో లిమిట్ పెంచాను. ఫలితం లేదు. సర్వరు తన లిమిట్‌ను మొదలయ్యేటప్పుడే తన సెట్టింగుల్లోంచి తీసుకుంటుందని అప్పుడు గుర్తొచ్చింది. అక్కడ మార్చి, ఆపి, మళ్లీ మొదలుపెట్టాలి. అంటే అన్ని కౌంటర్లూ ఆగాలి.

మేనేజరు మురళీకృష్ణ గారు వద్దన్నారు. “ఇప్పుడు ఒక్క ఊరే తిడుతోందయ్యా. ఆపితే అన్ని ఊళ్లూ తిడతాయి.”

ఆయన లెక్క సరిగ్గానే ఉంది. పాత ఊళ్ల పని అయ్యాక చూద్దామన్నారు. అప్పటిదాకా ట్రాక్టరు ఉండదన్నాను. క్యూలో వాళ్లు ఒప్పుకుంటే ఆపుకోమన్నారు, ఒప్పుకోరనే నమ్మకంతో.

క్యూలో ముందున్నది బొజ్జయ్య, పాత ఊళ్లకు పెద్దమనిషి. సంగతి మొదటినుంచీ చెప్పబోయాను. సగం విని చాలన్నాడు.

“ఆళ్ల లెక్క మా లెక్కల కలుస్తదా?”

“కలవదు తాతా.”

“మా తూకం పోతదా?”

“పోదు. ఎక్కింది ఎక్కినట్టే ఉంటది.”

“అయితే ఆపు. చాయ తాగొస్తం.”

క్యూ మొత్తం అతని వెంట చాయ బండి దగ్గరికి నడిచింది. తిట్టేవాళ్లు ఎవరూ మిగలకపోవడంతో మేనేజరు గారు కూడా వెళ్లారు. సెట్టింగు మార్చి, సర్వరు ఆపి, మొదలుపెట్టాను. ఈసారి ఎర్రమ్మ తూకం ఎక్కింది. రసీదు వచ్చింది.

ఆమె దాన్ని ట్రాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, డ్రైవరును పైకి చదవమంది. అతను గుంపు పేరు చదివాడు. మిగతాది వినకుండానే ఆమె ఇంజను ఆపమంది.