కొబ్బరికాయ లేచిన చోటు

దేవరుప్పుల పక్కనున్న ఆ పల్లెకు తాగునీళ్లిచ్చేది ఒక్కటే బోరు. దాన్ని చూసుకునే యాకయ్య ఆ పొద్దున్నే అందులో బ్లీచింగ్ పొడి కలిపి, మోటారు బందుపెట్టి, సాయంత్రం దాకా ఎవరూ ఆ నీళ్లు తాగొద్దని ఊరంతా చెప్పి వచ్చాడు.

వచ్చి చూస్తే పక్క చెలకలో బోరు లారీ నిలబడి ఉంది. చెలక సర్పంచ్ మధుకర్‌ది. తాగునీళ్ల బోరు దగ్గర ఇంకో బోరు వేయకూడదని మొన్న గ్రామసభలో తీర్మానం చదివిందీ ఆయనే!

"పటేలా, నడుమ ముప్పై అడుగులు గూడ లేదు. గీడ వద్దు," అంటూ యాకయ్య మధుకర్‌కు చేతులు జోడించాడు.

"అరచేతిల పెట్టుకున్న కొబ్బరికాయ గీడనే లేచి నిలబడ్డది. నీళ్లు చూపిస్తుంటే నువ్వేంది అడ్డం?"

చెలకంతా తిరిగినా కదలని కాయ ఊరి బోరు పక్కకు రాగానే లేచిందట!

మధ్యాహ్నానికి నీళ్లు ఆకాశానికి చిమ్మాయి. జనం ఈలలు వేశారు. బురద పోయి నీళ్లు తేరాక మధుకర్ దోసిట్లో పట్టి, మురిసిపోతూ యాకయ్య ముందుకు చాపాడు.

"తాగి చూడు, ఎట్లున్నయో!"

యాకయ్య తాగలేదు. ఆ దోసిట్లోంచి గుప్పున బ్లీచింగ్ వాసన కొట్టింది.