బలుసు కొమ్మ

మార్గశిరపు మంచు కొండను కమ్మేసింది. నడక మంచిదని డాక్టరు చెప్పాడట, కుప్పం నుంచి వచ్చిన మరదలు కమలాక్షి కొండెక్కుదామని పట్టుబట్టింది. నారాయణప్ప సరేనన్నాడు గానీ, ఆమె నోటికి తెరిపి లేదు. బస్సులో సీటు గొడవ, పక్కింటామె కోళ్లు, చీరల షాపు. పావు కొండెక్కేసరికి ఆయన చెవులు దిబ్బళ్లు పడ్డాయి.

"నిదానంగా రా కమలా. ముందు పోయి దోవ సూస్తాంటాను," అని చరచరా సాగిపోయాడు.

దోవ చీలే చోట ఆగాడు. ఎడమది పాత రాతి క్వారీ అంచుకు పోతుంది. వెనక వచ్చేవాళ్లు అటు పోకుండా అడ్డంగా పచ్చికొమ్మ వేయడం అలవాటు. తంగేడు వేయాలి, దాన్ని మేకలు ముట్టవు. తంగేడు కాస్త దిగువన ఉంది. బలుసు చేతికందింది. విరిచి పడేసి పోయాడు.

పైన బండ మీద హాయిగా కూర్చున్నంతలో మునికుమార్ మేకలు తోలుకొచ్చాడు.

"మా మరదలు అగుపించిందా?"

"లేదే మామా. అవునుగానీ, చీలికకాడ బలుసు యేసిందెవురు? నా మేకలకు టిఫిన్ పెట్టినట్టుండాది! పుల్లగూడా మిగల్లేదు."

నారాయణప్ప ఒక్క ఉరుకు ఉరికాడు.

"కమలా! ఆడే నిలబడు! అడుగెయ్యొద్దు!"

క్వారీ అంచున చతికిలబడి ఉంది. ఒక కాలికి చెప్పు లేదు.

"జారి కిందికి పోయింది బావా. పడిన సప్పుడు శానాసేపటికి ఇనిపించింది." వణుకుతూనే నవ్వబోయింది. "కొమ్మ యేసుంటావు నువ్వు. ఫోన్ సూసుకుంటా నేనే దాటేసుంటా. అక్కకు సెప్పొద్దు, తిడతాది."

ఆయన చెయ్యిచ్చి లేపాడు.

ఇంటికాడ ఒంటి చెప్పు చూసి ఆయన భార్య భార్గవి ఊరుకుంటుందా? గుచ్చి గుచ్చి అడిగి చెల్లెలి చేత అంతా చెప్పించింది.

"అంత కొమ్మ అగుపించలేదా? కండ్లు యాడ పెట్టుకోని నడిస్తివే?"

కమలాక్షి తలవంచుకుని సంగటి ముద్ద తుంచుతోంది. నారాయణప్ప చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"తప్పు ఆ పిల్లది కాదు," అన్నాడు.

"మరెవురిది?"

తనదేనని చెప్పడానికే నోరు తెరిచాడు.

"మేకలది. కొమ్మ తినేసినాయి."

అక్కాచెల్లెళ్లు పగలబడి నవ్వారు. కమలాక్షి కళ్లు తుడుచుకుంది.

"అయితే ఆదివారం మళ్లా పోదాం బావా. నువ్వుంటే నాకేం బయం?"

నారాయణప్ప లేచి చెయ్యి కడుక్కున్నాడు. ముద్ద కంచంలో అట్లే ఉంది.