మూడు గుండ్లు, ఒక అంకె

1983లో మా తిరుపతి కాలేజీ ఫిజిక్సు ల్యాబుకు అంతర్జాతీయ సహకారం అనే భాగ్యం పట్టింది. హంగేరీలో ఒకటి, పోలెండులో ఒకటి, రెండు అణు పరిశోధన సంస్థలతో కలిసి ఒకే రేడియోధార్మిక పదార్థాన్ని మేమూ కొలవాలి. మూడు చోట్లా ఒకే అంకె రావాలి. వాళ్ళిద్దరికీ ఒకే అంకె వచ్చింది. నాకు ఎక్కువ వచ్చింది.

మళ్ళీ మళ్ళీ కొలిచినా అంతే. ఇంతలో హంగేరీ సంస్థ నుంచి డాక్టర్ హలాస్ స్వయంగా వస్తున్నాడని టెలిగ్రాం వచ్చింది. నా అంకె తప్పని తేలితే మా ల్యాబును పక్కన పెట్టేస్తారు, నా ఇన్నేళ్ళ చాకిరీ గంగపాలు. శాస్త్రవేత్తను కదా, శాస్త్రీయంగానే ఆలోచించి, నా అంకె నిజమైతే గుండు కొట్టించుకుంటానని వెంకన్నకు మొక్కుకున్నాను. అంతటితో ఆగానా? ఆలస్యమైతే ఏం కొంప మునుగుతుందోనని ముందే కొండెక్కి తల ఇచ్చేశాను. నాతో కలిసి కొలిచిన చెంగల్రాయుడినీ, అటెండర్ సుబ్బన్ననూ కూడా పక్కన కూర్చోబెట్టాను.

"పని అయినాక కదా తల ఇచ్చేది? ముందే ఇచ్చేస్తే సామికి ఇంక తొందరేముంటాది?" అంది నా భార్య పంకజాక్షి. ఐరాల రైతు కూతురికి అడ్వాన్సుల సంగతి ఏం తెలుసులే అనుకున్నాను.

హలాస్ మద్రాసు నుంచి కారులో వచ్చాడు. ల్యాబు గుమ్మంలో దండలు పట్టుకుని నిలబడ్డ మా ముగ్గురినీ చూసి ఆగిపోయాడు. దండ వేయించుకోవడం అటుంచి, దగ్గరికే రాలేదు.

"ప్రమాదం ఎప్పుడు జరిగింది?" అన్నాడు ఇంగ్లీషులో, గొంతు తగ్గించి. "ఊళ్ళోకి వస్తుంటేనే చూశాను. ఆడవాళ్ళకూ పసిపిల్లలకూ కూడా జుట్టు రాలిపోయింది. ఇంత లీకేజీలో కూర్చుని కొలిస్తే అంకె ఎక్కువ రాకేం చేస్తుంది?"

నేను నోరు తెరిచేలోగా సంచిలోంచి రేడియేషన్ కొలిచే పెట్టె తీశాడు. బల్లలు కొలిచాడు, గోడలు కొలిచాడు, చివరికి మా తలలు కూడా కొలిచాడు. నా నెత్తిమీది గంధం దగ్గర ఇంకాసేపు ఆగాడు.

"ఏం సార్, ఈయప్ప మన గుండ్లకు గూడా మార్కులేస్తా ఉండాడే?" అన్నాడు సుబ్బన్న.

పెట్టెకు ఏమీ దొరకలేదు. అప్పుడు కొండ సంగతీ మొక్కు సంగతీ చెప్పాను. హలాస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. బతికిపోయాంరా దేవుడా అని నేనూ నవ్వాను. కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు.

"ఇంతకీ ఏం కోరుకున్నావు?"

"నా అంకె నిజం కావాలని."

అతని నవ్వు ఆగిపోయింది.

"మేమూ పోలెండు వాళ్ళూ ఒకే రకం పరికరంతో కొలిచాం. లోపం అందులో ఉంది. నీ అంకే సరైంది. ఆ మాట నీకు ఎదురుగా చెబుదామనే ఇంత దూరం వచ్చాను. మీ గుండ్లు చూసి కాసేపు నాకే అనుమానం వచ్చింది, అంతే. నీ అంకె చూసి మేం మా పరికరాన్ని అనుమానించాం. నువ్వేమో నిన్నే అనుమానించుకున్నావా?"

గెలిచాను. ఎగిరి గంతెయ్యాల్సింది. కానీ రెండు దేశాలు నమ్మిన నా అంకెను నమ్మనివాణ్ణి నేనొక్కణ్ణే అని తెలిసి చచ్చేంత సిగ్గేసింది. నెత్తంతా చెమటలు పట్టాయి. దాచడానికి ఒక్క వెంట్రుకైనా లేదు.