బాగుపడిన ఫ్యాను

ఆ ఫ్యానును కౌన్సెలర్ గాలి కోసం పెట్టలేదు. మేడ మీద ఆమె గది తలుపు బయట, వచ్చినవారు కూర్చునే బల్ల పక్కన, ఆ పాత టేబుల్ ఫ్యాను రోజంతా గడగడలాడుతూ ఉండేది. లోపల పిల్లలు చెప్పుకునే మాటలు బయటి పెద్దల చెవిన పడకుండా చూడటమే దాని ఉద్యోగం. చలికాలంలోనూ దానికి సెలవు లేదు.

అయితే ఆ సంగతి బయట కూర్చున్నవారికి ఆమె ఎన్నడూ చెప్పలేదు. చెప్పి ఉండవలసింది. ఎందుకంటే ఆ శనివారం బల్ల మీద కూర్చున్నది మోటార్లు, ఫ్యాన్లు బాగుచేసి బతికే మనిషి.

అతని కూతురికి పద్నాలుగేళ్లు. పుట్టి మాటలు వచ్చిన నాటినుంచి వాగుడు ఆపలేదని ఇంటిల్లిపాదీ ఆమెను పిచ్చుక అని పిలిచేవారు. ఆ పిచ్చుక కొన్ని నెలలుగా "ఊఁ", "ఉహూఁ" తప్ప మరో మాట ఆడటం మానేసింది. బడిలోనూ పెదవి విప్పకపోయేసరికి టీచరు ఇక్కడికి పంపింది. ఇక్కడ మాత్రం మాట్లాడుతోందట. ఏం మాట్లాడుతోందో తెలియక తండ్రికి నిద్ర పట్టడం లేదు.

"సంతకం పెట్టింది నేను మేడం," అన్నాడతను, పిచ్చుక లోపలికి వెళ్లగానే గుమ్మం దగ్గర గొంతు తగ్గించి. "నేను ఒప్పుకోందే మీరు దాన్ని చూడనే చూడరు. మరి నాకు చెప్పకపోతే ఎలా?"

"పిల్లకి సాయం చెయ్యమని మీరు నాకిచ్చిన అనుమతి అది. పిల్ల మాటలన్నీ మీకు అప్పజెప్తానని నేను ఒప్పుకోలేదు. తన ప్రాణానికి ముప్పున్నా, తనని ఎవరైనా హింసిస్తున్నా, చెప్పాల్సినవాళ్లకి ఆరోజే చెప్తాను. ఈ మాట మొదటిరోజే మీ ఇద్దరి ముందూ చెప్పాను. మిగతాది తను చెప్పమంటేనే."

"కన్నతండ్రికి కూడానా?"

"తండ్రికైనా అంతే," అని ఆమె తలుపు వేసుకుంది.

అతను దుర్మార్గుడు కాడు. నోట్లో మాట నిలవని మనిషి. ఉదయం అతని చెవిన పడింది సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయేది.

బల్ల మీద కూర్చున్నాడు. ఫ్యాను గడగడలాడింది. కాసేపు ఓర్చుకున్నాడు. చివరికి చేతులు ఊరుకోలేదు.

"నిన్ను పట్టించుకునే నాథుడే లేడా?" అని ఫ్యానును పరామర్శించి, జేబులోంచి స్క్రూడ్రైవర్, నూనె బుడ్డి తీశాడు. వదులైన స్క్రూలు బిగించాడు. ఇరుసు తిరిగే బుష్షులో చుక్క నూనె వేశాడు. మళ్లీ స్విచ్చి వేస్తే ఫ్యాను పిల్లిలా చప్పుడు లేకుండా తిరిగింది.

తృప్తిగా వెనక్కి వాలాడు. అప్పుడు తలుపు వెనకనుంచి వినిపించింది అతని గొంతే, పిచ్చుక నోట.

"'ఏవండోయ్, విన్నారా? మా పిచ్చుకకి స్టేజీ అంటే దడ! పాటల పోటీ ఎగ్గొట్టడానికి కడుపునొప్పని నాటకమాడింది! ఆ స్పానర్ ఇలా అందుకోండి!'"

కౌన్సెలర్ పకపకా నవ్వింది. పిచ్చుకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో!

"సాయంత్రానికల్లా దర్జీ మామయ్య అడిగాడు, 'కడుపునొప్పి తగ్గిందా గాయనీ?' అని. నాన్న మంచోడే మేడం. కానీ ఆయనకి చెప్తే వీధికి చెప్పినట్టే. ఇక్కడైతే…"

నెలల తరబడి అతను కోరుకున్నది అడగకుండానే చెవిలో పడుతోంది. అతను ఒక్క ఉదుటున లేచి, బిగించిన స్క్రూలన్నీ మళ్లీ వదులు చేశాడు. నూనె తాగిన ఫ్యాను మొండికేసింది. ఎంత కదిపినా చప్పుడు చెయ్యనంది. దిక్కుతోచక దగ్గాడు. బల్ల మీద దరువేశాడు. ఆఖరికి కళ్లు మూసుకుని, గొంతెత్తి పాట అందుకున్నాడు.

తలుపు తెరుచుకుంది.

"ఫ్యాను ఆగిందేం?" అన్నది కౌన్సెలర్.

"ఆగలేదు మేడం… బాగుపడింది."

ఆమె ముఖం పాలిపోయింది. తలుపు దగ్గరగా వేసి, ఆ ఫ్యాను అక్కడ ఎందుకున్నదో అప్పుడు చెప్పింది.

"నేను విన్నానని పిల్లకి చెప్పకండి మేడం," అని బతిమాలాడతను. "ఇక జన్మలో నోరు విప్పదు."

"తన మాట బయటికి పోయిందని తెలుసుకునే హక్కు తనకుంది. అది దాచిపెట్టి రేపు నన్ను నమ్మమని ఏ ముఖంతో అడగను? నా తప్పు నేను చెప్తాను. మీది మీరు చెప్పండి."

ఇద్దరూ దోషుల్లా లోపలికి నడిచారు. కౌన్సెలర్ ముందు తన అజాగ్రత్తను, ఏ సాకూ జోడించకుండా, ఒప్పుకుంది. పిచ్చుక చేతులు కట్టుకుంది. ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"ఎంత విన్నావు?"

"స్పానర్ దగ్గర్నుంచి 'ఇక్కడైతే' దాకా."

"తర్వాత?"

"వినపడకుండా పాట పాడాను తల్లీ."

"అది పాటా? ఎవరికో ఒంట్లో బాగోలేదనుకున్నా."

కౌన్సెలర్ కిటికీ వైపు తిరిగిపోయింది. తండ్రి మాత్రం నవ్వలేదు.

"ఇవాళ విన్నది పొరపాటున విన్నాను. ఆరోజు నీ మాట వీధికి చెప్పింది మాత్రం పొరపాటు కాదు, నలుగురినీ నవ్వించడానికి. తప్పు నాదే అమ్మలూ."

పిచ్చుక కట్టుకున్న చేతులు విప్పింది.

"ఇక్కడికి రావడమా, మానడమా, నీ ఇష్టం," అన్నది కౌన్సెలర్.

"వస్తాను. కానీ నాన్న కింద, వీధిలో కూర్చోవాలి. స్క్రూడ్రైవర్ ఇంట్లో పెట్టి రావాలి. ఆ ఫ్యాను మళ్లీ పాడవ్వాలి."

మూడూ మంజూరయ్యాయి.

తరువాతి రోజుల్లో అతని షాపుకు వచ్చినవారికి పెద్ద చిక్కే వచ్చిపడింది. "ఏం చెప్తోందోయ్ మీ పిచ్చుక అక్కడ?" అని ఎవరడిగినా, "మీ కాయిల్ మాడిపోయిందండీ," అని మాట మార్చేవాడు. మనిషికి పంటినొప్పి పట్టుకుందేమోనని వీధి బెంగపడింది.

ఒక సాయంత్రం పిచ్చుక బడినుంచి తిన్నగా షాపుకు వచ్చింది. స్టూలు మీద కూర్చున్న దర్జీని ఓరకంట చూసి, బల్ల మీది మోటార్లలో అన్నిటికన్నా ఎక్కువ రొద చేసేదాన్ని ఎంచి స్విచ్చి వేసింది. తండ్రి చెవికి నోరు ఆనించి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. చెప్పి, చెప్పి, ఊపిరి తీసుకుని మళ్లీ చెప్పింది. అతను మధ్యలో ఒకసారి నవ్వాడు. ఒకసారి మసి చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు.

ఆమె వెళ్లాక దర్జీ ముందుకు వంగాడు. "ఏమంటోంది?"

"మీకేమైనా వినబడిందా?"

"ఆ రొదలో ఏం వినబడుతుందయ్యా!"

"హమ్మయ్య," అని అతను మోటారును ఆపి, తుడిచి, జాగ్రత్తగా పై అరలో పెట్టాడు.

"అదేంటి, అది నా మిషను మోటారు! బాగుచెయ్యవా?"

"కొన్నాళ్లు ఆగండి," అన్నాడతను. "ఇప్పుడే దానికి పని దొరికింది."