జిగురమ్మ అతికించిన ఇద్దరు డాక్టర్లు

పుస్తకాలు బైండు చేసే ఆ కార్ఖానాలో పొద్దున్నే మొదటి పని జిగురు కాయడం. పిండి ఉండకట్టకుండా గరిటె తిప్పుతూనే ఉండాలి, మధ్యలో ఎవరు పలకరించినా పలకకూడదు. ఈ పనిలో అందరికన్నా నేర్పరి జిగురమ్మ. కానీ ఆ పేరు వచ్చింది అందుకు కాదు. నెలసరి రోజుల్లో ఆమె రెండు వస్తువుల్ని కలిపి పట్టుకుంటే అవి అతుక్కుపోయేవి. అట్టలు, చెంచాలు, చెప్పులు, ఏవైనా సరే. నెలసరి నొప్పి తగ్గాక వాటంతటవే విడిపోయేవి. పిసినారి యజమాని ఒకసారి జిగురు ఖర్చు మిగుల్చుకుందామని ఆమె చేతనే పుస్తకాలన్నీ అతికించాడు. వారం తిరక్కుండా అవి చదివేవాళ్ల ఒళ్లో కాగితాలుగా రాలిపోయాయి. అప్పట్నుంచీ ఆ రోజుల్లో జిగురు ఆరేదాకా అట్టలు పట్టుకుని కూర్చునే పని మాత్రమే ఇచ్చేవాడు.

ఆమె భయం మాత్రం కార్ఖానాలో ఎవరికీ తెలీదు. ఆ రోజుల్లో దొడ్డికి వెళ్తే లోపల గాజుపెంకులు దిగినట్టుండేది. అప్పుడప్పుడు రక్తం పడేది. క్యాన్సరేమోనని అన్నం సహించేది కాదు.

డాక్టర్లకు చూపించుకోకపోలేదు. ఒకే ఆసుపత్రిలో కింద పొట్ట డాక్టరు, మేడ మీద ఆడవాళ్ల డాక్టరమ్మ. ఆయన మగమనిషి కదా అని నెలసరి ఊసెత్తలేదు. ఆవిడకు పేగులతో ఏం పని అని దొడ్డి సంగతి చెప్పలేదు. ఆయన గొట్టం వేసి చూసి, పేగు శుభ్రంగా ఉందని ఏదో పొడి ఇచ్చాడు. ఆవిడ నొప్పి బిళ్లలు రాసి, ఎక్కువగా ఆలోచించొద్దంది. ఆలోచించొద్దని చెప్పించుకున్న మనిషి ఇంకేం చేస్తుంది, అదే ఆలోచిస్తుంది.

ఒకరోజు పనిలోనే ముఖం పాలిపోతే, అత్తగారు వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లింది. మెట్ల మలుపులో జిగురమ్మ నొప్పితో వంగిపోయింది. పైనుంచి దిగుతున్న డాక్టరమ్మా, కిందనుంచి ఎక్కుతున్న పొట్ట డాక్టరూ చెరో వైపు పట్టుకోబోయారు. ఆమె ఇద్దరి కోటు చేతుల్నీ దొరకబుచ్చుకుని పొట్టకేసి అదుముకుంది. అవి రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

పొట్ట డాక్టరు ఒకసారి లాగి చూశాడు. కోటు విప్పేద్దామనుకున్నాడు గానీ, ఉక్కగా ఉందని లోపల బనీను మాత్రమే వేసుకున్న సంగతి గుర్తొచ్చి మానుకున్నాడు.

"ఎంతసేపుంటుంది ఇది?" అంది డాక్టరమ్మ.

"నొప్పి తగ్గేదాకానండీ," అంది అత్తగారు. "ఒక్కోసారి సాయంత్రమవుతుంది."

చేసేదేముంది, ముగ్గుర్నీ అలాగే దగ్గర్లోని గదిలోకి నడిపించారు. నొప్పి ఎప్పుడు ఎక్కువగా ఉంటుందని డాక్టర్లిద్దరూ ఒకేసారి అడిగారు. జిగురమ్మ అత్తగారి వైపు చూసింది.

"చెప్పవే. నా ముందు సిగ్గయితే చెవులు మూసుకుంటాను," అని అత్తగారు చెవులు మూసుకుంది. వేళ్ల మధ్య కాస్త సందు మాత్రం ఉంచుకుంది.

"దొడ్డికి వెళ్లినప్పుడండీ. నెలసరిలోనే. మామూలప్పుడు ఏమీ ఉండదు. ఒక్కోసారి రక్తం కూడా."

"ఈ మాట నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు పొట్ట డాక్టరు.

"మీకు సగం చెప్పానండీ. మిగతా సగం ఆవిడకు చెప్పాను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి కోట్లు విడిపోయాయి. అయినా ఇద్దరూ లేవలేదు.

పెద్ద స్కానింగులో బయటపడింది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిదే బయట పేగు మీద పెరిగి, నెలనెలా వాచి, పేగునూ గర్భసంచినీ ఒకదానికొకటి అతికించేసింది. ఎండోమెట్రియోసిస్ అంటారట. జబ్బు పేగు బయటి గోడ మీద ఉంటే, లోపలికి వెళ్లిన గొట్టానికి ఏం కనిపిస్తుంది? క్యాన్సర్ కాదన్నాక అత్తగారు కుర్చీలో కూలబడి మంచినీళ్లు అడిగింది.

హార్మోను బిళ్లలు కొన్నాళ్లు వాడినా పేగు ఇరుకైపోతూనే ఉంది. ఆపరేషన్ ఇద్దరం కలిసి చేస్తామన్నారు. పేగు ముక్క తీయాల్సి రావచ్చు, కుట్టు మానేదాకా మలం పోవడానికి పొట్ట మీద సంచి పెట్టాల్సీ రావచ్చు. ఆ సంచి మాట విన్నప్పట్నుంచీ ఆమెకు నిద్ర లేదు. ఆపరేషన్ అయి మెలకువ వచ్చాక కూడా చెయ్యి దుప్పటి మీదే ఆగిపోయింది, పొట్ట తడుముకునే ధైర్యం చాల్లేదు. సంచి అవసరం రాలేదని డాక్టరమ్మ చెప్పింది. మళ్లీ పెరిగే వీలుంది కాబట్టి మందులు మానొద్దని, చూపించుకుంటూ ఉండమని పొట్ట డాక్టరు చెప్పాడు.

మందులు వాడుతున్నా ఒకసారి కాస్త నెలసరి కనిపించింది. జిగురమ్మ పాయిఖానాలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. ఎంతకీ బయటికి రాలేదు. తలుపు బయట అత్తగారు అటూ ఇటూ తిరిగి, చివరికి ఉండబట్టలేక అడిగింది.

"నొప్పిగా ఉందా?"

"ఇంకా రాలేదత్తయ్యా. వస్తుందేమోనని చూస్తున్నాను."

అత్తగారు తలుపు తట్టింది.

"రానిదాని కోసం ఎంతసేపు కూర్చుంటావే? బయటికి రా. నాకు అర్జెంటు."