బేకరీ బయట స్ట్రోలర్

ప్లమ్ కేకు పెట్టె అందుకోబోతూ క్యారల్ ఒకసారి బయటికి చూసింది. గాజు తలుపు అవతల స్ట్రోలర్ లేదు.

అందులో ఎనిమిది నెలల కాలేబు నిద్రపోతున్నాడు.

పెట్టె, ఫోను కౌంటర్ మీదే వదిలేసి బయటికి పరుగెత్తింది. మోండా మార్కెట్‌కు పోయే ఆ సందు నిండా ఆటోలు, తోపుడుబళ్లు, క్రిస్మస్ నక్షత్రాలు బేరమాడే జనం. బండి పెట్టిన చోట ఎవరో స్కూటర్‌కు స్టాండు వేస్తున్నాడు.

"ఇక్కడ మా బాబు ఉండాలి. బండిలో. చూశారా?"

"నేనిప్పుడే వచ్చిన మేడమ్." అతను ఆమెను కింద నుంచి పైదాకా చూశాడు. "బాబును రోడ్డు మీద పెట్టిన్రా?"

పెట్టింది. డెన్మార్క్‌లో ఐదేళ్లుగా ఉంటోంది, పండక్కని వచ్చింది. ఆర్హుస్‌లో కాఫీ షాపుల ముందు పిల్లల బళ్లు వరుసగా ఆగి ఉంటాయి. పిల్లలు చలిగాలిలో హాయిగా నిద్రపోతుంటే తల్లులు లోపల కబుర్లు చెప్పుకుంటారు. మొదటిసారి చూసినప్పుడు క్యారల్‌కు ఒళ్లు జలదరించింది. కాలేబు పుట్టాక అక్కడి నర్సే చెప్పింది, బయట పడుకోబెట్టు, బాగా నిద్రపోతాడని. నిజంగానే బాగా నిద్రపోయాడు. ఆ తర్వాత అలవాటైపోయింది. ఇవాళ బేకరీలో రద్దీ చూసి, చెయ్యి దానంతటదే బండికి బ్రేకు వేసింది. ఇది సికింద్రాబాద్ అని ఆ చేతికి గుర్తు లేదు.

"బండెందుకమ్మా, బిడ్డను ఎత్తుకునే పో," అని మల్కాజ్‌గిరిలో బయల్దేరేటప్పుడు అత్తగారు మార్త చెప్పనే చెప్పింది.

ఫోను కోసం వెనక్కి తిరగబోయింది. పోలీసులకు చెప్పాలి. సరిగ్గా అప్పుడే ఆమె భుజానికున్న సంచిలోంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"ఊకో బంగారం, ఊకో. మీ అమ్మ ఇగ రాదు."

బేబీ మానిటర్. ఒక డబ్బా స్ట్రోలర్ టాపుకు తగిలించి ఉంటుంది, రెండోది తల్లి దగ్గర. అక్కడ ఏ చప్పుడైనా ఇక్కడ వినిపిస్తుంది. ఈ అలవాటూ అక్కడిదే. డబ్బా బయటికి తీసింది. దాని మీద రెండే లైట్లు వెలుగుతున్నాయి. దగ్గరికి పోతే లైట్లు పెరుగుతాయి. దూరం పోతే అన్నీ ఆరిపోతాయి.

డబ్బాకు మాట్లాడే బటన్ కూడా ఉంది. వేలు దాని మీదకు పోయి ఆగింది. ఆ మనిషి ఎత్తుకుపోయేదైతే, గొంతు వినగానే డబ్బాను కాలవలో పారేస్తుంది. ఆ తర్వాత కాలేబు జాడ చెప్పేది ఇంకేమీ ఉండదు.

రైల్వే స్టేషన్ వైపు నడిచింది. ఒక లైటు ఆరింది.

వెనక్కి తిరిగి మార్కెట్ వైపు పరుగెత్తింది. రెండు. మూడు. డబ్బాను చెవికి ఆనించుకుంది. గజ్జెల చప్పుడు. ఆగి ఆగి, గలగలమంటూ. చెరకు రసం మిషన్‌కు కట్టే గజ్జెలు.

"తీస్కపోదామా మరి?" మగగొంతు.

"ఆగు. పాలకేడుస్తున్నడు," అంది ఆడగొంతు.

ఇద్దరున్నారు. క్యారల్ ఇక జనాన్ని తోసుకుంటూ పరుగెత్తింది. ఒకావిడ టమాటాల గంప ఒరిగింది, తిట్టింది, వినిపించుకోలేదు. మలుపు తిరగగానే అన్ని లైట్లూ వెలిగాయి. చెరకు బండి. దాని పక్కనే పూల దుకాణం. పూలగంపల మధ్య నీడలో స్ట్రోలర్. యాభై ఏళ్ల పూలావిడ ఒళ్లో కాలేబు, గుప్పిట్లో బంతిపువ్వు.

"నా బాబు," అంటూ చేతులు చాపింది క్యారల్.

పూలావిడ బిడ్డను గుండెకు అదుముకుంది. "ఆగు. ఎవరు నువ్వు?"

"వాళ్లమ్మని."

"అమ్మ అయితే రోడ్డు మీదెందుకు పారేసినవ్? ఆటోడు వెనక్కొస్తే నేను గుంజిన బండిని. ఎవరిదని బజారంత అడుక్కుంట ఈడిదాక తెచ్చిన, ఎవ్వరు పలకలే. పోలీస్‌స్టేషన్‌కు తీస్కపోదామని సదాశివతో అంటుంటి." చెరకు బండి వైపు గడ్డం చూపించింది.

"గట్ల ఇయ్యకు దేవమ్మా," అన్నాడు సదాశివ. "తల్లని ఏం నమ్మకం? పిల్లగాడు చూడు, మొఖం సుత తిప్పుతలేడు."

నిజమే. కాలేబుకు బంతిపువ్వే లోకం. చుట్టూ జనం మూగారు. ఫోటోలు చూపిద్దామంటే ఫోను బేకరీలో ఉంది.

క్యారల్ చేతిలోని డబ్బా పైకెత్తి బటన్ నొక్కింది. రోజూ బాల్కనీలో పడుకున్న బిడ్డతో వంటింట్లోంచి అనే మాటే అంది. "కాలేబు నాన్నా, అమ్మ ఇక్కడే ఉంది."

స్ట్రోలర్ టాపులోంచి ఆ గొంతు పలికింది. దేవమ్మ ఉలిక్కిపడింది. కాలేబు చటుక్కున తల తిప్పి, అమ్మను కాదు, ఖాళీ బండిని చూశాడు. దాని కోసం చేతులు చాపి నవ్వాడు. తర్వాత గొంతు వచ్చిన రెండో దిక్కుకు తిరిగాడు. క్యారల్‌ను చూసి ఏడుపు అందుకున్నాడు.

దేవమ్మ బిడ్డను క్యారల్ చేతుల్లో పెట్టింది. సదాశివ ఆ డబ్బాను బండి నుంచి ఊడదీసి, తిప్పి తిప్పి చూడసాగాడు.

"గాడ అందరు గిట్లనే పెడ్తరా?" అంది దేవమ్మ, క్యారల్ చెప్పిందంతా విని.

"పెడతారు అక్కా. ఎవరూ ముట్టుకోరు."

"ఏడిస్తే?"

"లోపలికొచ్చి తల్లికి చెప్తారు."

"ఎత్తుకోరా?"

"ఎత్తుకోరు."

"మరి నువ్వు గాక వీన్నెవరు ఎత్తుకుంటరు గాడ?"

"మా ఆయన ఆశీష్. అంతే."

"మంచిగనే ఉన్నది సంబడం. ఇంకోసారి పెట్టినవనుకో, నేనే ఎత్తుకపోతా."

బేకరీలో ఫోను, కేకు తీసుకుని ఆటో ఎక్కింది క్యారల్. ఆటో సందు చివర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. సంచిలోంచి మళ్లీ గజ్జెలు. సదాశివ ఊడదీసిన డబ్బా పూల దుకాణంలోనే ఉండిపోయింది.

"జెర ఎక్కువ తిట్టిన. పాపం, వణుకుతుండె," అంటోంది దేవమ్మ.

"తిట్టకేం చేస్తవ్?" సదాశివ గొంతు.

"మా రేణుకను గంపల పండవెట్టుకొని పూలమ్మిన. ఒక కన్ను పూల మీద, ఒక కన్ను దాని మీద. గసొంటి జాగల బిడ్డను బయట పండవెట్టి, లోపల కూసొని, ఒక్క చాయ్ నిమ్మళంగ తాగితే ఎట్లుండునో."

"పోతవా మరి?"

"పోత. గీ పూలు నువ్వమ్ముతవా?"

క్యారల్ డ్రైవర్ భుజం తట్టి ఆటో వెనక్కి తిప్పమంది. బటన్ నొక్కింది.

"దేవమ్మక్కా, చాయ్ చెప్పుకో. వస్తున్నా. నువ్వు తాగేదాకా పూలు నేను చూస్తా."

అవతల ఏదో కింద పడ్డ చప్పుడు. కాసేపటికి దేవమ్మ గొంతు, డబ్బాకు మరీ దగ్గరగా.

"పిల్లగాడేడి?"

"ఒళ్లోనే ఉన్నాడు."