మబ్బుకు తగిలిన దిష్టి

నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు. దారింకా అనే పిల్లకైతే కంటితో పనిలేదు, నోట మంచిమాట వస్తే చాలు. ఏడేళ్లప్పుడు పొరుగువాళ్ల ఆవును చూసి "ఎంత ముద్దుగా ఉందో" అంది. అది ఆ పూటే ఒట్టిపోయింది. చర్చి గంట మోత బాగుందంది, గంట చీలింది. అది అంతకుముందే బీటవారిందని పాదిరిగారికి తెలుసు. అయినా అంత మంచి సాకు కాళ్ల దగ్గరికొస్తే ఆయన మాత్రం ఎందుకు వదులుకుంటాడు?

ఆ ఊళ్లో పసిబిడ్డను చూస్తే దిష్టి తగలకుండా తూ తూ అని పక్కకు ఉమ్మి, "ఛీ, ఎంత వికారంగా ఉందో!" అనడం ఆచారం. ముద్దొచ్చేకొద్దీ తిట్టు పెద్దదవుతుంది. దారింకాను మాత్రం ఎవరూ అలా అన్న పాపాన పోలేదు. దిష్టికే దిష్టి తీసే ఓపిక ఎవరికుంటుంది? కొండమీద గొర్రెల గుడిసెలో ఉండమన్నారు. పదహారేళ్లొచ్చినా అక్కడే ఉంది.

పక్క గుడిసెలో ఓబ్రెన్ అనే కుర్రాణ్ణి పెట్టారు. వాడు గాలిమనిషి. నిద్రపోయాడంటే ప్రాణం లేచి గాలిలో కలుస్తుంది, ఊళ్లో ఇళ్లకప్పులు ఎగురుతాయి. నిద్రలో వాణ్ణి కదిలిస్తే ప్రాణానికి తిరిగి ఒళ్లు దొరకదని భయం. ఇద్దరూ పొద్దస్తమానం తిట్టుకుంటూ గొర్రెపాల జున్ను చేసేవాళ్లు. దారింకాకు వేరే దారి లేదు. ఇష్టమైనవాణ్ణి పొరపాటున పొగిడిందంటే వాడు దక్కడు.

ప్లమ్ పళ్లు నీలం తిరుగుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం శిఖరం వెనకనుంచి వడగళ్ల మబ్బు లేచింది. ఓబ్రెన్ నోట్లో రొట్టెముక్క ఉండగానే గడ్డివాముకు ఒరిగి నిద్రపోయాడు. మబ్బుతో కుస్తీకి వెళ్లాడని దారింకాకు తెలుసు. కాసేపటికి వాడి ముక్కునుంచి రక్తం కారింది. ఓడిపోతున్నాడు.

ఊరంతా రొప్పుకుంటూ కొండెక్కి వచ్చింది. ముందు ఊరిపెద్ద వుకొమాన్, వెనక ఓబ్రెన్ నానమ్మ పెర్సా.

"అమ్మాయ్, ఆ మబ్బును ఒక్క మంచిమాట అనవే తల్లీ!" అన్నాడు వుకొమాన్.

"ఇన్నాళ్లూ నోరు మూసుకోమన్నారుగా బాబాయ్?"

"అప్పుడంటే అప్పుడు. ఇప్పుడు పళ్లు చెట్లమీదున్నాయి. పళ్లు పోతే సారా లేదు, సారా లేకపోతే చలికాలం గడిచేదెట్టా?"

"మబ్బులో ఓబ్రెన్ ఉన్నాడు. అది పగిలితే వాడూ పోతాడు."

అందరూ బూట్లు చూసుకున్నారు. పెర్సా ముందుకొచ్చింది. దారింకా ఎదురుపడితే తలగుడ్డ మొహానికి అడ్డం లాక్కునే మనిషి, ఇవాళ ఆ సంగతే మరిచిపోయింది.

"ఊరుకున్నా వాడు దక్కడే పిల్లా. పసిపిల్లల్ని మనం ఎట్టా కాచుకుంటాం? ముందు వాణ్ణి తిట్టు, తర్వాత దాన్ని పొగుడు. తిట్టడం నీకు రాదా ఏంటి?"

దారింకా ఆకాశం వైపు తిరిగి నోరు తెరిచింది.

"ఒరేయ్ ఓబ్రెన్! గొడ్డలిముక్కోడా! నవ్వితే ఎడమబుగ్గ మీద ఆ సొట్టేంట్రా, ఎవరో వేలుపెట్టి నొక్కినట్టు! నువ్వు పాడితే గొర్రెలు మేత మానేస్తాయి. పెద్దముక్క నాకు పెట్టి ఆకల్లేదని అబద్ధాలాడతావు, దొంగమొహమా! మంచు పడితే నీ గొంగళి నామీద కప్పి నువ్వు వణుకుతూ కూర్చుంటావు, బుద్ధిలేని గాడిదా! నీలాంటి వికారప్పీనుగును ఈ జన్మలో చూళ్లేదు!"

ఊరివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తిట్లకు అర్థం తెలియనివాడు అక్కడ లేడు. వుకొమాన్ మీసం చాటున నవ్వుకున్నాడు. దారింకా మొహం చెవులదాకా ఎర్రబడింది.

ఇక మబ్బు మిగిలింది. "నువ్వు... పెద్దగా ఉన్నావు," అంది. మబ్బు ఉలకలేదు, పలకలేదు. మొక్కుబడి మెప్పుకు దిష్టి తగలదు. ఈసారి తలెత్తి మనసుపెట్టి చూసింది. నల్లటి కడుపు కింద ఆకుపచ్చ వెలుగు, అంచు పొడుగునా వెండి. ఇన్నేళ్లూ దేన్నీ ఇలా తనివితీరా చూడలేదు.

"అబ్బ, ఎంత అందంగా ఉన్నావే!"

మబ్బు నిలువునా చీలింది. ఒక్క వడగల్లు కూడా రాలకుండా మెత్తటి వాన కురిసింది.

ఓబ్రెన్ లేవలేదు. దారింకా వాడి పక్కన కూలబడింది. ముట్టుకోవడానికి భయం. "లేవరా గొడ్డలిముక్కోడా," అంది.

వాడు ఒక కన్ను తెరిచాడు. "ముక్కు సంగతి రెండుసార్లా? గాలిలో ఉన్నాను కాబట్టి పక్క లోయ దాకా వినిపించింది. పరువు తీశావు."

దారింకా వాడి నోట్లోని రొట్టెముక్క లాగి వాడి మొహానే కొట్టింది.

పెర్సా మనవణ్ణి కళ్లతోనే పలకరించి, ముందు దారింకా దగ్గరికి వచ్చింది. గడ్డం పట్టుకుని, వానకు తడిసిన ఆ మొహాన్ని పైకెత్తింది. పక్కకు తిరిగి తూ తూ అని ఉమ్మింది.

"ఛీ, ఎంత వికారంగా ఉన్నావే పిల్లా!"

పుట్టి బుద్ధెరిగాక తనకోసం ఎవరూ అనని మాట అది. దారింకా ఆమె భుజాన మొహం దాచుకుని బావురుమంది.